వేటకు ఏ ఊరు మంచిది?

తెలుగులో వేట అనే మాట ఒక్కటే. పొదల్లో కుందేలుకు ఉచ్చు పెట్టినా వేటే, చెరువులో వల విసిరినా వేటే. మా ఇంట్లో మాత్రం "ఇయ్యాల వేటకు పోతలేవా?" అంటే చెరువుకు పోవట్లేదా అనే అర్థం. మాది నక్కవాగు పక్కన ఒక ఊరు, ముదిరాజుల ఇల్లు. నాయన మా ఊరి మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. గత మూడేళ్లలో మా చెరువులో చేప సరిగ్గా ఎదిగింది లేదు. ఒక ఏడు పిల్ల వేసిన రెండు నెలలకే తెల్లారేసరికి అంతా తేలింది. అందుకే ఈ ఎండాకాలం సెలవుల్లో ఆయన నాకొక పని అప్పగించాడు.

"ఇంజనీరింగ్ సదువుతున్నవ్ గద బిడ్డా, యాడికి పోతే వేట బాగుంటదో లెక్క తీసి సెప్పు. మీ మామ సింగూరు దిక్కు రమ్మంటుండు. మీ అత్తమ్మ నిజాంసాగర్ దిక్కు రమ్మంటుంది. నాకైతే ఏం తోస్తలేదు."

ప్రశ్న చిన్నదే. జవాబు వెతుకుతూ పోతే నీళ్లు, చట్టం, రసాయనశాస్త్రం, సంఘం రూల్సు అన్నీ అడ్డం వచ్చాయి. ప్లేస్‌మెంట్ల సీజన్లో "మంచి ఊళ్లో సెటిల్ అవ్వాలి, ఆదివారం గాలం వేసుకోవడానికి ఒక చెరువుండాలి" అనే ఫ్రెండ్స్ మన హాస్టల్లోనూ ఉన్నారు. వాళ్లకూ పనికొస్తుందని ఆ లెక్క ఇక్కడ రాస్తున్నా.

అడవి వేట సంగతి

మా తాతకు రెండు వేటలూ వచ్చు. వాన తగ్గాక వాగు ఒడ్డున కౌజు పిట్టలకు వల కట్టేవాడట, వెన్నెల రాత్రుల్లో కుందేళ్లకు పోయేవాడట. ఇప్పుడు ఆ వేట కోసం ఏ ఊరు మంచిదని అడిగితే ఒకటే జవాబు: ఏ ఊరూ కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ దారి మెల్లగా మూసుకుపోయింది. 1991 సవరణతో దాదాపు పూర్తిగా మూతపడింది. పులీ, జింకే కాదు, కుందేలూ కౌజు పిట్టా కూడా చట్టం కాపాడే జాబితాల్లోనే ఉన్నాయి. 2022 సవరణ తర్వాత మామూలు కేసుకే మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అభయారణ్యం లోపల వేటాడితే మూడేళ్లకు తగ్గని జైలు. ఉచ్చు పెట్టడం, పట్టుకోవడం కూడా చట్టం దృష్టిలో వేటే.

మన జిల్లా పక్కనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. మెదక్ దగ్గరి పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేటకు వెళ్లే చోటు. 1952లోనే దాన్ని అభయారణ్యం చేశారు. ఒకప్పుడు తుపాకీతో పోయిన చోటికి ఇప్పుడు కెమెరాతో పోతున్నారు. కెమెరా వేట చాలు అనుకునేవాళ్లు అంత దూరం కూడా పోనక్కర్లేదు. పటాన్‌చెరు పక్కనే ఉన్న అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు.

కాబట్టి మిగిలింది చేపల వేట. అది బతుకుతెరువు కూడా.

చేప ఉన్న చోటు, హక్కు ఉన్న చోటు

చేప కోసం ఊరు మారడం మన తెలుగువాళ్లకు కొత్త కాదు. "తండేల్" సినిమా చూసినవాళ్లకు శ్రీకాకుళం మత్స్యకారుల కథ గుర్తుండే ఉంటుంది. వాళ్ల ఊళ్ల ముందే సముద్రం ఉంది. కానీ పెద్ద బోట్లు ఆగే హార్బర్ లేదు, ఏడాది పొడుగునా చేతినిండా పని లేదు. అందుకే అంత దూరం గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి, వేరేవాళ్ల బోట్ల మీద జీతానికి వేటాడతారు. అలా పోయినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లకు దొరికిపోయారు. వాళ్లలో ఇరవై మంది ఇంటికి రావడానికి 2020 జనవరి దాకా పట్టింది.

ఇది మా నాయన లెక్కకు ఎందుకంటే, వేరావల్‌లో చేప ఉంది. కానీ బోటు వాళ్లది కాదు, వల వాళ్లది కాదు, ఎంత దూరం పోవాలో నిర్ణయించేదీ వాళ్లు కాదు. చేప ఎక్కువున్న చోటికి పోవడం ఒకటి, ఆ చేప మీద మనకు హక్కు ఉండడం ఇంకొకటి. ఊరు ఎంచుకునేటప్పుడు రెండూ విడివిడిగా చూడాలి.

మొదటి ప్రశ్న: ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి?

చెరువు ఒడ్డున నిలబడి నీళ్లు ఎలా ఉన్నాయో చూస్తే సగమే తెలుస్తుంది. ఆ నీళ్లు ఏ దారిన వచ్చాయో మ్యాపులో చూడాలి.

మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటకలో బీదర్ మీదుగా మన జిల్లాలోకి వస్తుంది. ముందు సింగూరు డ్యాం, దాని కింద కలబ్‌గూర్ దగ్గర మంజీర బ్యారేజీ. అక్కడినుంచి నది ఉత్తరానికి తిరిగి, ఏడుపాయల మీదుగా నిజాంసాగర్‌కు, చివరికి కందకుర్తి దగ్గర గోదావరిలోకి పోతుంది.

మా నక్కవాగు పటాన్‌చెరు వైపు నుంచి వచ్చి మంజీర బ్యారేజీకి దిగువన నదిలో కలుస్తుంది. మొత్తం లెక్కలో ముఖ్యమైన ముక్క ఇదే. సింగూరూ, మంజీర బ్యారేజీ రెండూ ఆ కలయికకు ఎగువన ఉన్నాయి, నిజాంసాగర్ దిగువన ఉంది. నక్కవాగులో ఏం పారినా అది సింగూరుకు ఎక్కదు, కిందికే పోతుంది.

నక్కవాగులో ఏం పారిందో మన బెల్టులో తెలియనివాళ్లు లేరు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వరుసగా ఫ్యాక్టరీలతో నిండాయి. మందులు, రసాయనాలు, రంగులు. బావులు, చెరువులు పాడయ్యాయని 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రాలు వచ్చాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు వచ్చే పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ కనిపించిందని అందులో ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే, 70 దాటిన అతి కలుషిత ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం 70.07తో చేరింది. శుద్ధి చేసిన నీళ్లను వాగులోకి కాకుండా అంబర్‌పేట వైపు తీసుకుపోయే 18 కిలోమీటర్ల పైపులైను కూడా ఆ రోజుల్లోనే పని మొదలుపెట్టింది.

అప్పటికీ ఇప్పటికీ పరిస్థితి ఒకటే అని నేననను. కానీ గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలిన వార్త ఈమధ్య సంవత్సరాల్లో కూడా ఒకటికి రెండుసార్లు చదివాం. పైగా వాగు నీళ్లు మారినా అడుగున పేరుకున్న బురద అంత తొందరగా మారదు. పెద్ద వానకు ఆ బురద కదిలితే పాత లెక్కలు మళ్లీ పైకొస్తాయి.

నిజాంసాగర్ దిగువన ఉంది కాబట్టి చెడ్డదని కాదు. అది చాలా పెద్ద జలాశయం, మధ్యలో బోలెడు వాన నీళ్లు, వాగులు కలిసి పలచబడతాయి. అత్తమ్మ వాళ్లు అక్కడ చేప పట్టి అమ్ముకుని బతుకుతున్నారు కూడా. దిగువన ఉన్న ఊరికి పోయేవాడు ఎగువ ఊళ్ల సంగతి కూడా కనుక్కోవాలి, అంతే.

రెండో ప్రశ్న: తెల్లారగట్ల నీళ్లలో ఊపిరి ఉందా?

చేపలు ఎక్కువగా తెల్లవారుజామునే ఎందుకు చస్తాయి? రాత్రి ఎవరో దొంగతనంగా ట్యాంకర్ వదిలారనేది ఊళ్లో మొదట వచ్చే అనుమానం. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ట్యాంకర్ రాకపోయినా ఆ టైమే ప్రమాదం.

పగలు నీళ్లలోని నాచు ఎండలో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి ఎండ లేదు, తయారీ ఆగిపోతుంది. కానీ చేప, నాచు, బాక్టీరియా అన్నీ పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడుతుంది. మురుగో ఫ్యాక్టరీ నీళ్లో చేరితే, వాటిని కుళ్లబెట్టే బాక్టీరియా ఇంకా ఎక్కువ పీలుస్తుంది. మనం పరీక్షకు బట్టీ పట్టే బీఓడీ అంటే ఇదే. పైగా వేడి నీళ్లు ఆక్సిజన్‌ను తక్కువ పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములకు పైగా కరిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు మించదు. బొచ్చె, రవ్వ లాంటి చేపలు హాయిగా పెరగాలంటే 5 మిల్లీగ్రాములు ఉండాలి. 3 కంటే తగ్గితే తిండి మానేసి, పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. "కొర్రమీను దొరుకుతుందంటే నీళ్లు మంచివే" అంటారు. కొర్రమీనుకు మొప్పలతో పాటు పైగాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది. ఆక్సిజన్ లేని బురద గుంటలోనూ అది బతుకుతుంది. కాబట్టి కొర్రమీను దొరకడం నీళ్లకు సర్టిఫికెట్ కాదు. ఒక చెరువులో కొర్రమీను, మార్పు లాంటి గాలి పీల్చే చేపలే మిగిలి, బొచ్చె, రవ్వ కనిపించకపోతే అనుమానించాల్సిందే.

దీన్ని కొలవడం మన చేతిలో పనే. ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్‌లో చేసే వింక్లర్ పద్ధతి చాలు. సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒడ్డునే రసాయనాలు వేసి ఆక్సిజన్‌ను కట్టేయాలి, తర్వాత ల్యాబ్‌లో టైట్రేషన్. పగలు పదకొండింటికి తీస్తే ఏ చెరువైనా పాసవుతుంది. తెల్లవారుజామున ఐదింటికి తీయాలి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి: ఆక్సిజన్ బాగుంటే చేప బతుకుతుందని తెలుస్తుంది, ఆ చేప తినడానికి మంచిదో కాదో తెలియదు. ఆన్‌లైన్‌లో దొరికే టీడీఎస్ మీటర్ కూడా ఉప్పుల సంగతి చెబుతుంది గానీ మందుల అవశేషాల గురించి ఏమీ చెప్పదు.

మూడో ప్రశ్న: అక్కడ వల వేయడానికి నువ్వెవరు?

ఇది మామను అడిగినప్పుడు ఫోన్లో కాసేపు మాట రాలేదు.

ఊరి చెరువులో చేప ఊరందరిదీ కాదు. చెరువు హక్కు లీజు మీద ఆ ఊరి మత్స్య సహకార సంఘానికి ఉంటుంది. సభ్యత్వం ఊరితో, చెరువుతో ముడిపడి ఉంటుంది. కొత్తగా చేరాలంటే వల విసరడం, ఈదడం లాంటి నైపుణ్య పరీక్ష పెడతారు. ఆ పరీక్షలో నాయన కళ్లు మూసుకుని పాసవుతాడు. కానీ వేరే ఊరి సంఘంలో "ఉన్నోళ్లకే పంచుడు కష్టమైతుంది" అన్నాక వలెంత బాగా విసిరితే ఏం లాభం? 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వేయడం మొదలుపెట్టాక సభ్యత్వానికి విలువ ఇంకా పెరిగింది. బొచ్చె, రవ్వ, మోసు నిలువ నీళ్లలో గుడ్లు పెట్టవు, పారే వరద నీళ్లు కావాలి. అందుకే పిల్ల వేస్తేనే చెరువులో పంట. పిల్ల ఎవరి పేరు మీద వస్తుందో చేప వాళ్లది.

సింగూరు లాంటి పెద్ద జలాశయంలో మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సు మీద వేట. లైసెన్సు మామకుంది, నాయనకు లేదు. పోతే మామ పుట్టి మీద, మామ వలతో, పాలు లెక్కన పోవాలి. బావమరిది కాబట్టి మర్యాదకు లోటుండదు. కానీ లెక్క మాత్రం వేరావల్ లెక్కే.

ఇంకో హద్దు కూడా ఉంది. సింగూరు డ్యాంకు, మంజీర బ్యారేజీకి మధ్య నది 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ వల గానీ గాలం గానీ వేయకూడదు. గాలం ప్రియులకు ఇంకో మాట: ఆ నీళ్లలో మొసళ్లు ఉన్నాయి, వాటి కోసమే ఆ చోటు పేరుపడింది. అవి బోర్డు చదివి హద్దులోనే ఉండవు కదా.

నాలుగో ప్రశ్న: ఎండిన ఏడు సంగతేంటి?

సింగూరు పూర్తి సామర్థ్యం సుమారు 30 టీఎంసీలు. నిండినప్పుడు చూస్తే అవతలి ఒడ్డు కనబడదు, సముద్రమే అనిపిస్తుంది. 2015-16 కరువులో అదే సింగూరు అడుగంటింది. హైదరాబాద్‌కు సింగూరు, మంజీర నీళ్లు ఆగిపోయిన రోజులవి. 2016 సెప్టెంబరు వానలకు మళ్లీ నిండింది. చేప మాత్రం గేట్లు మూసినంత తేలిగ్గా తిరిగి రాదు. పిల్ల వేయాలి, పెరగాలి, కనీసం ఏడాది ఆగాలి.

ఇది డ్యాం స్వభావం. నగరానికి తాగునీరు, కింద ఘనపురం ఆనకట్ట, నిజాంసాగర్ ఆయకట్టు, ఇన్ని అవసరాలు తీరాకే చేప. నీళ్లు వదిలే రోజు మత్స్యకారుణ్ని ఎవరూ అడగరు. మామ మాటల్లో చెప్పాలంటే: "నీళ్లున్నప్పుడు సింగూరును మించింది లేదు బావా. లేనప్పుడు నేనే మీ ఇంటికొస్త."

లెక్క ఎటు తేలింది?

నాలుగు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసి మూడు ఊళ్లకూ జవాబులు నింపాను. సింగూరుకు నీళ్లలో మంచి మార్కులు, హక్కులో తక్కువ, కరువులో ఇంకా తక్కువ. నిజాంసాగర్‌కు ఎగువ నీళ్ల మీద ఒక ప్రశ్న ఎక్కువ, హక్కు మళ్లీ కొత్తగా సంపాదించుకోవాలి. మా ఊరికి నీళ్లలో సున్నా పక్కన, హక్కులో పూర్తి మార్కులు.

ఆ కాగితం చూసి నాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మనమందరం పోతే సంఘంల ఎవలు మిగులుతరు? రేపు చేప తేలితే దరఖాస్తు ఎవలు పెడ్తరు?" అన్నాడు. నా నాలుగు ప్రశ్నల్లో అది లేదు. మత్స్యకారులు వెళ్లిపోయిన చెరువు కాగితం మీద కూడా చెరువుగా ఎక్కువ రోజులుండదు. చేప పోయిందని చెప్పేవాడు లేకపోతే అక్కడ చేప ఉండేదని రుజువు కూడా ఉండదు. ఆ తర్వాత అది ముందు మురుగు గుంట, తర్వాత ప్లాట్లు.

చివరికి వానలు పడి సింగూరు నిండాక, పట్టుబడి బాగుండే నెలలు మామతో పోవాలని, ఊళ్లో సభ్యత్వం మాత్రం వదులుకోకూడదని నిర్ణయించారు. సంఘం మీటింగులకు, పిల్ల వేసే రోజుకు ఊరికి రావాలి. అమ్మకు ఇది పూర్తిగా నచ్చలేదు. రెండు చోట్ల ఖర్చు, మొసళ్లున్న నది దగ్గర మనిషి. ఆమె భయంలో న్యాయం ఉంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

మీరు ఊరు చూసుకునేటప్పుడు

ఉద్యోగం కోసమైనా, గాలం సరదా కోసమైనా, నీళ్లున్న ఊరు వెతికేవాళ్లు ఇవి చేయండి. ముందు మ్యాపులో ఆ చెరువుకు వచ్చే వాగును పైకి, పుట్టిన చోటు దాకా వేలితో వెంబడించండి. తెల్లారగట్ల ఒకసారి వెళ్లి చేపలు నోళ్లు తెరిచి పైన తిరుగుతున్నాయేమో చూడండి. చెరువు ఏ సంఘానిదో కనుక్కుని, గాలం వేసేముందు వాళ్లను అడగండి. అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు, అడక్కపోతే అది వాళ్ల నోటికాడి ముద్ద తీయడమే. అభయారణ్యం హద్దు ఎక్కడుందో తెలుసుకోండి. ఊళ్లో పెద్దమనిషిని "చెరువు ఎప్పుడు నిండిందన్నా?" అని కాదు, "ఎప్పుడు ఎండిందన్నా?" అని అడగండి.

వచ్చే సెమిస్టర్ నుంచి నెలకొక ఆదివారం, తెల్లారకముందే, మా ఊరి చెరువుతో మొదలుపెట్టి నక్కవాగు వెంట నాలుగు చోట్ల నీళ్లు తీసి ఆక్సిజన్, పీహెచ్, టీడీఎస్ రాసి పెట్టాలని ఉంది. తేదీ, టైము, వాన పడిందా లేదా అన్నీ ఒకే రిజిస్టర్‌లో. ఏడాది లెక్క చేతిలో ఉంటే సంఘం పెట్టే దరఖాస్తుకు ఒక బలం. దీనికి నలుగురు కావాలి. వాళ్లలో ఒకరికి బైకుండాలి, అందరికీ నాలుగింటికి లేచే అలవాటుండాలి. సీసాలు ల్యాబ్ నుంచి అడిగి తెస్తాను.